సోమరిపోతు వీపు

మార్చి 2, సోమవారం

ల్యాబ్‌లో రాసే పుస్తకంలో ఎలుకల సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదు. మనుషుల మీద కోపాలు రాసుకోవటానికి కూడా ఒక చోటు కావాలి కదా. అందుకని మళ్లీ ఈ డైరీ.

చట్రాలు వచ్చాయి. వర్క్‌షాపు వాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే ఇన్నాళ్లకి చేసిచ్చారు. బొటనవేలి గోరంత చట్రం, రెండు అంచులా గమ్ము, పక్కన చిన్న స్క్రూ. ఎలుక వీపు మీద వెంట్రుకలు గీసేసి దీన్ని అంటించాలి. స్క్రూ తిప్పితే రెండు అంచులూ దూరం జరిగి మధ్యలో చర్మం సాగుతుంది. చర్మం సాగితే అందులో పడుకున్న కుదుళ్లు లేచి వెంట్రుకలు మొలిపిస్తాయని నా నమ్మకం.

డైరెక్టర్ గారు నమ్మకం అనొద్దన్నారు. ఆయన నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు, కాబట్టి మా గ్రూపంటే ఆయనకి మొదట్నుంచీ ఒక ఆశ. అలాంటి మనిషి ఇవాళ పిలిచి చల్లగా చెప్పారు. ఏప్రిల్ చివర్లో గ్రాంటు కమిటీ వస్తోందట. అప్పటికి ఎలుకల వీపులు నల్లబడకపోతే మా గది మొటిమల మీద పనిచేసే గ్రూపుకి ఇచ్చేస్తారట. నా సగం జీవితం ఆ గదిలో గడిచింది. ఇప్పుడు దాన్ని మొటిమలకి అప్పజెప్పాలి.

కుదుళ్లు పడుకున్నంత కాలం ఎలుక చర్మం గులాబీ రంగులో ఉంటుంది. అవి లేస్తే ముందు బూడిద రంగు, తర్వాత నలుపు, ఆ తర్వాత వెంట్రుక. ఇక రోజూ పొద్దున్నే వెళ్లి ఆ రంగు చూడటమే నా బతుకు.

మార్చి 3, మంగళవారం

పొద్దున జడలు వేస్తూ మా అమ్మాయికి మొత్తం ప్రయోగం వివరించాను. పదిహేనేళ్ల పిల్ల. ఈ మధ్య నేను నోరు తెరిస్తే లేచి వెళ్లిపోతోంది. జడ నా చేతిలో ఉన్నంతసేపూ మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. అందుకే చెప్పాల్సినవన్నీ అప్పుడే చెబుతాను.

ప్రతి కుదురు చుట్టూ రెండు రకాల సంకేతాలు తిరుగుతుంటాయి, ఒకడు లేపేవాడు, ఇంకొకడు జోకొట్టేవాడు అని చెప్పాను. పేపర్లలో వాళ్లకి నోరు తిరగని పేర్లున్నాయిలే. చర్మాన్ని రోజుకి కొంచెం చొప్పున సాగదీస్తే చర్మంలోని కాపలా కణాలు లేపేవాడి పక్షం చేరి వాడికి సాయం చేస్తాయి. ఒక్కసారిగా లాగితే అవే కణాలు దెబ్బ తగిలిందనుకుని పోట్లాటకి దిగుతాయి. ఆ గొడవలో జోకొట్టేవాడిదే పైచెయ్యి అవుతుంది, కుదుళ్లు ఇంకా ముడుచుకుంటాయి. కాబట్టి కిటుకంతా మెల్లగా లాగటంలోనే ఉందమ్మా అంటూ రెండో జడ బిగించాను.

అబ్బా అంది. కళ్లు మూతపడట్లేదంది. బడికెళ్లేది నిద్రపోవటానికా అన్నాను. ఈ కాలం పిల్లలకి బొత్తిగా ఓర్పు లేదు.

నా ముడికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. వెంట్రుకల ల్యాబ్‌లో సొంత వెంట్రుక ఒక్కటి ఊడి పడితే పరువేం కావాలి. మూడు రబ్బరు బ్యాండ్లు, దాని మీద క్యాప్. పైగా గట్టిగా ముడేసుకుంటే నుదుటి మీద ముడతలు కూడా సర్దుకుంటాయి. వయసు తగ్గించుకోవటానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు.

మార్చి 5, గురువారం

పది ఎలుకలకీ చట్రాలు అంటించాం. ఒకటి నా వేలు కొరికింది. అది న్యాయమే.

ఏడో దాని చట్రంలో స్క్రూ బిగుసుకుపోయి తిరగలేదు. వర్క్‌షాపుకి పంపితే మళ్లీ వచ్చే ఏడాదే. మధ్యాహ్నం ఆ చట్రాన్ని ఊడదీసి మా ఆయన షాపుకి తీసుకెళ్లాను. ఆయనది కళ్లజోళ్ల షాపు. పాత స్క్రూ పీకేసి కళ్లజోడు స్క్రూ ఒకటి వేసిచ్చారు. చెయ్యి నేర్పే, కాదనను. కానీ ఆయన బిగించిన ఏ స్క్రూ అయినా రెండు రోజుల్లో వదులవుతుంది. కస్టమర్లు కళ్లజోడు చేత్తో పట్టుకుని మళ్లీ మళ్లీ వస్తుంటారు. వాళ్లు తన మీద అభిమానంతో వస్తున్నారని ఆయన ఉద్దేశం.

మార్చి 7, శనివారం

మా ఆయన బాత్రూంలో కొత్త బల్బు వేశారు. తెల్లటి వెలుతురు. ఆ వెలుతురులో ఎవరి జుట్టైనా పలచగానే కనిపిస్తుంది, చెవుల పైనా నుదుటి అంచునా మరీను. తీయించి పాత పసుపు బల్బే పెట్టించాను.

ఇప్పుడు బాగానే ఉంది.

మార్చి 8, ఆదివారం

షాంపూ మార్చాను.

మార్చి 9, సోమవారం

దువ్వెన కూడా మార్చాను. అసలు నీళ్లలోనే ఏదో తేడా ఉందని నా అనుమానం.

మార్చి 10, మంగళవారం

కొంప మునిగింది. కమిటీ ఏప్రిల్ చివర్లో కాదు, ఈ నెల ముప్పై ఒకటినే వస్తోంది. ఈ మాట డైరెక్టర్ గారు మెట్ల దగ్గర ఎదురుపడి, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి కిందికి దిగిపోయారు. ఆయన వెనకే మొటిమల గ్రూపు ఆయన టేపు పట్టుకుని మా గది గుమ్మం కొలుస్తున్నాడు. ఫ్రిజ్ పడుతుందో లేదో చూసుకుంటున్నాడట.

కూర్చుని బాగా ఆలోచించాను. మెల్లగా లాగాలన్నది నిజమే. కానీ మెల్లగా అంటే ఎంత మెల్లగా అని ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. ఎలుక బతుకే చిన్నది, దాని లెక్కలో మనకి ఒకరోజంటే దానికి చాలా రోజులు. ఈ లెక్కన రెండు రోజుల చుట్లు ఒకే పూట తిప్పినా అది మెల్లగా తిప్పటం కిందికే వస్తుంది.

తిప్పాను.

ఏడో దాని స్క్రూ మాత్రం ఎప్పుడు చూసినా వదులై ఉంటోంది. పొద్దున బిగిస్తే మర్నాటికి సగం వెనక్కి వచ్చేస్తోంది. అది ఆ చట్రాన్ని దుప్పటిలా కప్పుకుని హాయిగా పడుకుంటోంది. సోమరిపోతు అని పేరు పెట్టాను. దాని ఎదురుగా పనికిరాదు అని రాసి లెక్కలోంచి తీసేశాను. స్క్రూ తిప్పటం మాత్రం అలవాటుగా రోజూ దానికీ తిప్పుతున్నాను.

మార్చి 13, శుక్రవారం

వీపులు ఎర్రబడ్డాయి. ఎరుపు కూడా ఒక రంగే. గులాబీ నుంచి మారటం మొదలైందంటే మంచిదే కదా.

మార్చి 14, శనివారం

మా అమ్మాయి జుట్టు కత్తిరించేసుకుంది.

స్నేహితురాలితో పుస్తకాలు కొనుక్కోవటానికి వెళ్తున్నానని చెప్పి వెళ్లి, మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది. నడుం దాటిన జుట్టు. గుమ్మంలో నిలబడితే ఒక్క క్షణం ఎవరి పిల్లో అనుకున్నాను. తర్వాత నోటికొచ్చిందల్లా అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను.

మా ఆయన తల తేలిగ్గా ఉంటుందిలే అని గొణిగి, షాపులో ఎవరో కళ్లజోడు కోసం ఎదురుచూస్తున్నారంటూ చల్లగా జారుకున్నారు.

మార్చి 15, ఆదివారం

మాట్లాడలేదు.

మార్చి 16, సోమవారం

ఇవాళ కూడా. నేను కాదు, తను. సరే, నేను కూడా.

మార్చి 17, మంగళవారం

పొద్దున జడలు వేసే వేళకి అలవాటుగా దువ్వెన తీసుకుని వెళ్లి నిలబడ్డాను. తను చేత్తో అలా రెండుసార్లు జుట్టు దులుపుకుని, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. నా ముడి విప్పి ఇంకాస్త బిగించి వేసుకున్నాను.

కళ్ల వెంట నీళ్లొచ్చాయి. బిగుతు వల్లే అయ్యుంటుంది.

మార్చి 19, గురువారం

భోజనం దగ్గర మా ఆయన నా వైపు చాలాసేపు చూసి, నీ నుదురు బాగుంటుందోయ్, విశాలంగా అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మనిషి నా మొహం గురించి ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. పొంగిపోయాను. మా అమ్మాయి నవ్వాపుకోవటానికి మంచినీళ్లు తాగి పొలమారింది. ఎందుకో అర్థం కాలేదు.

మార్చి 21, శనివారం

స్లైడ్ల మేడమ్ పిలిచింది. ఆవిడా నేనూ ఒకే ఏడు చేరాం. చర్మాన్ని ఉల్లిపొర కంటే పలచగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం ఆవిడ పని. రోజంతా ఒంటి కన్నుతో చూసీ చూసీ మనుషుల్ని కూడా ఒక కన్ను మూసే చూస్తుంది. మాటలు బహు పొదుపు.

నా ఎలుకల స్లైడు చూపించి, ఇక్కడ యుద్ధం జరుగుతోంది అంది. కాపలా కణాలన్నీ గుంపులుగా చేరి కుదుళ్ల మీద విరుచుకుపడుతున్నాయి. లేపేవాడి జాడ లేదు. ఎక్కడ చూసినా జోకొట్టేవాడే.

ఎంత లాగావు అంది. అనుకున్నంతే అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. కళ్లలోకి కాదు, కాస్త పైకి, చెవి పక్కన. చూసి మళ్లీ అడిగింది, ఎంత లాగావు అని.

ఒకే ప్రశ్న రెండుసార్లు అడగటం నాకు నచ్చదు. వచ్చేశాను.

మార్చి 23, సోమవారం

సోమరిపోతు వీపు మీద ఏదో మసి అంటుకుంది. తడి దూదితో తుడిచాను. పోలేదు.

మార్చి 24, మంగళవారం

ఆ మసి ఇవాళ ఇంకాస్త పెద్దదైంది. స్పిరిట్‌తో తుడిచాను. పోలేదు. గట్టిగా తుడిచాను. సోమరిపోతు కళ్లు తెరిచి నన్ను చూసి, మళ్లీ పడుకుంది. వీపు మీద మసి ఎక్కడ పూసుకొస్తోందో ఈ దరిద్రపు ఎలుక. పంజరం కడిగే వాళ్లని అడగాలి.

మార్చి 25, బుధవారం

అది మసి కాదు.

పొద్దున దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. చట్రం సరిగ్గా ఎంతమేర ఉందో అంతమేర బూడిద రంగు, మధ్యలో నలుపు. చర్మం లోపల వెంట్రుకలు తయారవుతున్నాయి. ఏళ్ల తరబడి నేను దేనికోసం ఎదురుచూశానో దాన్నే రెండు రోజులుగా దూదితో తుడుస్తున్నాను. ఇంతకంటే బుద్ధిలేని పని ఈ ల్యాబ్ చరిత్రలో జరిగి ఉండదు.

మిగతా తొమ్మిదీ ఎర్రగా కందిపోయి అలాగే ఉన్నాయి.

మా ఆయన స్క్రూ రోజూ వదులైపోవటం వల్ల దీని చర్మం మాత్రమే నేను కాగితం మీద రాసుకున్నంత మెల్లగా సాగింది. నేను దగ్గరుండి బిగించినవన్నీ పాడయ్యాయి, నా చెయ్యి తప్పించుకున్నదొక్కటే బాగుపడింది. ఫోన్ చేసి ఆయనకి చెప్పాను, మీ స్క్రూ వదులు కావటం వల్లే పని జరిగిందండీ అని.  దాన్ని వదులు అనరు, సుతారం అంటారు అన్నారు.

మార్చి 26, గురువారం

భోజనం దగ్గర సోమరిపోతు సంగతి చెప్పాను. ఎవరికి చెబుతున్నానో చూడకుండా, పళ్లెంలోకి చూస్తూ చెప్పాను. మా అమ్మాయి తల ఎత్తి, మిగతా వాటికేమైంది అంది. ఇన్నాళ్లకి నాతో మాట్లాడిన మొదటి మాట. కందిపోయాయి అన్నాను.

తను లేచి నా వెనక్కి వచ్చి నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"అమ్మా, ఎలుకలకి తీసినట్టు నీకూ ఒక ఫోటో తియ్యనా?" అంది.

నేను ఎలుకల వీపులకి రోజూ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తానని తనకి తెలుసు. ఎందుకే అన్నాను. నన్ను బాత్రూంలోకి తీసుకెళ్లి, ఈ వెలుతురులో ఏమీ పడదంటూ పసుపు బల్బు తీసేసి తెల్లది పెట్టింది. దాన్ని తన బట్టల కింద దాచి ఉంచుకుందట. నా చెవి పైన తన బడి స్కేలు ఆనించి, ఫోటో తీసి, ఫోను నా చేతిలో పెట్టింది.

ఎవరో పెద్దావిడ తల. నుదుటి అంచు నుంచి చెవి దాకా జుట్టు వెనక్కి జరిగిపోయింది, ఎంత జరిగిందో స్కేలు మీద లెక్కపెట్టుకోవచ్చు. కందిన చర్మం, అక్కడక్కడ సన్నటి నూగు. ఇలాంటి ఫోటోలు నేను వందలు చూశాను. ఒక్క చూపుతో చెప్పగలను, ఇది ఎక్కువ లాగిన కేసు అని.

ఏదో ఒకటి అనాలని, నీళ్ల వల్ల అన్నాను.

"నీళ్లు కాదమ్మా. ఎలుకలకైతే రోజుకి కొంచెమే అంటావు. నాకు మాత్రం ప్రతిరోజూ మొత్తం ఒకేసారి లాగుతావు. నువ్వు చెప్పే మాటలు కూడా అలాగే ఉంటాయి. నాకు నొప్పెట్టి కత్తిరించుకున్నాను, నీ మీద కోపంతో కాదు."

చాలా మెల్లగా చెప్పింది. సిగ్గేసింది నాకు. ఆ పిల్ల ఎన్నిసార్లు అబ్బా అని ఉంటుంది. ప్రతిసారీ నేను దానికి ఓర్పు లేదనే అనుకున్నాను.

ముడి విప్పాను. మూడో బ్యాండు తీసేసరికి నెత్తి మీంచి ఎవరో దిగి వెళ్లిపోయినట్టయింది. అప్పుడు తెలిసింది నాకు ఏళ్లుగా తలనొప్పి ఉందని.

మార్చి 27, శుక్రవారం

తొమ్మిది స్క్రూలూ వదులు చేశాను. ఒకటి మళ్లీ కొరికింది. ఇదీ న్యాయమే.

డైరెక్టర్ గారు సోమరిపోతు వీపు చూసి ఎగిరి గంతేసినంత పని చేశారు. దాన్ని తన నెత్తి పక్కన పెట్టుకుని ఒక ఫోటో కూడా తీయించుకున్నారు. కమిటీకి ఇది ఒక్కటి చూపిస్తే చాలన్నారు. మిగతా తొమ్మిదింటినీ ఆ రోజుకి వెనక గదిలో, గుడ్డ కప్పి ఉంచమన్నారు. అవి చూస్తే లేనిపోని ప్రశ్నలు వస్తాయి, గది దక్కదు, తర్వాత మీ ఇష్టం అన్నారు.

సరే అన్నాను. గది పోతే నేనెక్కడికి పోను.

మార్చి 29, ఆదివారం

ఇంట్లో జుట్టు వదులుగానే ఉంచుకున్నాను. అద్దంలో చూస్తే ముడతలన్నీ తిరిగొచ్చి వాటి వాటి చోట్ల కూర్చున్నాయి. మా ఆయన పలకరించటానికి వచ్చి, ఏమనాలో తోచక, బాగుంది అన్నారు. నుదురా అన్నాను. వెళ్లిపోయారు.

మార్చి 30, సోమవారం

ల్యాబ్‌కి ముడేసుకునే వెళ్లాను. రెండు బ్యాండ్లే. రేపొక్కరోజు గడిస్తే చాలు.

మార్చి 31, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, రేపటికల్లా నా తెలివి దీన్ని మార్చేస్తుంది.

కమిటీలో ముగ్గురు. ఇద్దరు మగవాళ్లు, వాళ్లు టీ తాగటానికి వచ్చినట్టున్నారు. పెద్దావిడే అసలు మనిషి. నేను ముందు ఆవిడ ముడే చూశాను. నా ముడికి పెద్దక్కలాంటి ముడి. ఎంత బిగించిందంటే కనుబొమలు శాశ్వతంగా పైకి లేచి, మనం ఏం చెప్పినా ఆవిడకి ఆశ్చర్యంగా ఉన్నట్టే కనిపిస్తోంది.

మొటిమల గ్రూపు ఆయన కూడా వచ్చి గుమ్మం పక్కనే నిలబడ్డాడు, ఫ్రిజ్ లాంటి మొహం వేసుకుని.

సోమరిపోతుని చూపించాను. వీపు మీద పొట్టి పొట్టి నల్ల వెంట్రుకలు, చట్రం ఆకారంలో నలుచదరంగా. ఎవరో స్కేలుతో గీసి నాటినట్టున్నాయి. లేపేవాడు, జోకొట్టేవాడు, కాపలా కణాలు, అన్నీ వాటి పెద్ద పేర్లతోనే చెప్పాను. మగవాళ్లిద్దరూ తలలూపారు. డైరెక్టర్ గారు గుండు తడుముకుంటూ నవ్వారు. గది నాదే అనుకున్నాను.

అప్పుడు పెద్దావిడ, ఒక్క ఎలుకేనా అంది. ఇంకా ఎక్కువ లాగితే ఏమవుతుంది, లాగి చూశారా అంది. డైరెక్టర్ గారు అడ్డొచ్చి అది మా పరిధిలోకి రాదండీ అన్నారు. ఆవిడ కనుబొమలు ఇంకా పైకి వెళ్లటానికి చోటు లేదు కానీ ప్రయత్నించాయి. పోనీ మనుషుల్లో ఎక్కువ కాలం లాగితే ఏమవుతుందో ఏమైనా డేటా ఉందా అంది. లేదండీ అన్నారు ఆయన.

నా గదంతా ఒకసారి చూసుకున్నాను. సింకు, కిటికీ, నేను చేత్తో అరగదీసిన ఆ బల్ల అంచు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే ఇదంతా నాకు ఉంటుంది. స్లైడ్ల మేడమ్ గోడకి ఆనుకుని ఒక కన్ను మూసి నన్నే చూస్తోంది. వెనక గదిలో గుడ్డ కింద ఆ తొమ్మిదీ కదులుతున్న చప్పుడు వినిపించింది. అవి కూడా అబ్బా అనే ఉంటాయి. వినే చెవి లేకపోయింది.

వెళ్లి పంజరాలు తెచ్చి బల్ల మీద పెట్టి గుడ్డ తీశాను. ఇవి నేను తొందరపడి లాగినవండీ అన్నాను. డైరెక్టర్ గారు కళ్లు మూసుకున్నారు.

"మనుషుల డేటా కూడా ఉంది మేడమ్. ఒక్కరిదే. కానీ చాలా ఏళ్లది" అని క్యాప్ తీసి, ముడి విప్పి, పక్కకి తిరిగాను.

మా అమ్మాయి తీసిన ఫోటో కూడా తెర మీద పెట్టాను, స్కేలుతో సహా.  టీ తాగేవాళ్లు కప్పులు కింద పెట్టారు. పెద్దావిడ లేచి దగ్గరికొచ్చి, నా చెవి పైన చూసి, తొమ్మిది వీపులూ చూసి, మళ్లీ నా చెవి పైన చూసింది. తర్వాత ఏదో ఆలోచిస్తున్నట్టు తన చెయ్యి తన చెవి పక్కకే వెళ్లింది. ముడిలోంచి ఒక పిన్ను తీసింది. ఇంకొకటి తీసింది. బల్ల మీద పిన్నులు వరసగా పడుతుంటే ఆవిడ కనుబొమలు ఒక్కో మెట్టే దిగి ఆవిడ అసలు మొహం బయటికొచ్చింది. మంచి మొహం. స్లైడ్ల మేడమ్ చప్పుడు చేయకుండా తన క్లిప్పు తీసేసింది. బిల్లుల మీద సంతకానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ అకౌంట్స్ అమ్మాయి తన జుట్టు బ్యాండు లాగేసింది. డైరెక్టర్ గారికి వదులు చేసుకోవటానికి నెత్తి మీద ఏమీ లేదు. టై వదులు చేసుకున్నారు.

ఈ ఒక్క ఎలుకే చూపించి ఉంటే ఇదేదో గారడీ అనుకుని వెళ్లిపోయేదాన్ని అంది పెద్దావిడ. పాడైన తొమ్మిదీ పక్కనుంటేనే బాగుపడ్డ ఈ ఒక్కదానికి అర్థం వచ్చిందట. గది ఉంచమంది. ఎంత మెల్లగా అంటే మెల్లగా, ఎక్కడ దాటితే తొందర, అది కనిపెట్టమంది. వెళ్తూ వెళ్తూ, ఆ వదులు స్క్రూ ఎవరు చేశారని అడిగింది. మా ఆయన కార్డు ఇచ్చాను.

మొటిమల వాళ్లకి మెట్ల కింద స్టోరు గది ఇచ్చారు. పాపం, అందులో ఫ్రిజ్ పట్టదు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి గుమ్మంలోనే ఉంది. గది అంది. ఉంది అన్నాను. జుట్టు అంది. లేదు అన్నాను. ఇద్దరం నవ్వటం మొదలుపెట్టాం, మా ఆయన లోపల్నుంచి వచ్చి ఎందుకో తెలియకుండానే ఆయనా కలిశారు.

నవ్వాక తను దువ్వెన తెచ్చింది. పొట్టి జుట్టే అయినా దువ్వమంటుందేమో అని నా ప్రాణం లేచొచ్చింది. తను నా వెనక కూర్చుని నా జుట్టు దువ్వి జడ వేసింది. మరీ వదులుగా ఉంది, ఊడిపోతుందే అన్నాను.

"ఊడనీ. మళ్లీ వేస్తాను" అంది.

ఏప్రిల్ 12, ఆదివారం

ఇకనుంచి ప్రతి ఆదివారం తెల్ల బల్బు కింద నా తల తనిఖీ. మా ఆయన షాపు నుంచి భూతద్దం వచ్చింది. మా అమ్మాయి నన్ను కదలొద్దంటుంది, అచ్చం నేను ఎలుకల్ని అన్నట్టే. ఇవాళ గులాబీ.

మే 10, ఆదివారం

గులాబీ. ఎరుపు తగ్గిందట.

కొత్త ఎలుకలకి కొత్త చట్రాలు అంటించాం. స్క్రూలన్నీ మా ఆయనవే. షాపు బోర్డు మీద ఏదో కొత్త వాక్యం రాయించాలని చూస్తున్నారు, ఆపాను.

జూన్ 14, ఆదివారం

గులాబీ. కొన్ని కుదుళ్లు మరీ పాతబడితే ఇక లేవవని నాకు తెలుసు. తనకి చెప్పలేదు. తనకీ తెలుసనుకుంటాను, ఎందుకంటే భూతద్దం పెట్టి చూసినంతసేపూ వేరే ఏదో మాట్లాడుతుంటుంది. స్నేహితురాలి గొడవ, లెక్కల టీచరు, ఎవరో అబ్బాయి చెప్పిన జోకు. ఇంతకు ముందు ఇవేవీ నాకు తెలిసేవి కావు. నేను మధ్యలో ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. చాలా కష్టమైంది.

జూలై 5, ఆదివారం

గులాబీ. ఆ అబ్బాయి ఎవరని అడగబోయి ఆగాను.

ఆగస్టు 2, ఆదివారం

పొద్దున తనిఖీ. నేను స్టూలు మీద, తను వెనక, తెల్ల బల్బు నెత్తి మీద. టీచరు గురించి ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

అమ్మా, చెవి పైన ఏదో మసి అంటుకుంది, కాటుక గానీ తగిలిందా అంది. నేను కాటుక పెట్టుకోను. ఆ మాట తనకి చెప్పలేదు. కదలకుండా కూర్చున్నాను.

తడి దూది తెచ్చి తుడిచింది. పోలేదు.

ఇంకోసారి తుడవనా అంది.

మెల్లగా, అన్నాను.